సూది తప్పితే సరిపోతుందా?

(10వ తరగతి విద్యార్థిని, బరంపురం)

మా నానమ్మకి 14 ఏళ్ల నుంచి షుగరు. మొదట్లో మాత్రలతో సరిపోయేది. మూడేళ్ల కిందట డాక్టరుగారు ఇంక ఇన్సులిన్ తప్పదన్నారు. పొద్దున్న టిఫినుకి ముందు ఒకటి, రాత్రి భోజనానికి ముందు ఒకటి. పొద్దుటిది అమ్మ వేస్తుంది. రాత్రిది నా వంతు.

మొదటిసారి వేసినప్పుడు నా చెయ్యి వణికింది. "ఏం కాదే, గుచ్చు" అని నానమ్మే నాకు ధైర్యం చెప్పింది. ఇప్పుడు అలవాటైపోయింది. పెన్ను తిప్పి లెక్క చూసుకోవడం, పొట్ట పక్కన చర్మం పట్టుకోవడం, పది లెక్కపెట్టి సూది తియ్యడం, అన్నీ రెండు నిమిషాల పని. కానీ నానమ్మ మాత్రం దాదాపు రోజూ ఒక మాట అంటుంది. "దేవుడు నోరిచ్చాడు కదే. అన్నం నోట్లోంచే పోతోంది, కాఫీ నోట్లోంచే పోతోంది. ఈ మందొక్కటీ ఎందుకు పోదు?"

నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఆ ప్రశ్నని నవ్వి వదిలేయకూడదని పోయిన ఏడాది దసరా సెలవుల్లో తెలిసింది.

అప్పుడు అమ్మ పుట్టింటికి వెళ్లింది. రెండు పూటలా సూది నేనే వెయ్యాలి. ఆ రోజుల్లోనే మా వీధికి తెలిసినాయన ఒకాయన చిన్న సీసా పట్టుకొచ్చాడు. ఒడియాలో సగం, తెలుగులో సగం మాట్లాడుతూ వరండాలో కూర్చుని గంటసేపు చెప్పాడు. "సూదిలో ఉండే పెప్టైడు సరుకే ఇందులోనూ ఉందమ్మా. రోజుకి రెండుసార్లు నాలుక కింద పది చుక్కలు. ఇంక ఒళ్లు పొడుచుకోనక్కర్లేదు." నానమ్మ అప్పడాలు అమ్మి దాచుకున్న డబ్బులోంచి 1,800 రూపాయలు తీసి ఇచ్చింది.

ఆ రాత్రి నేను పెన్ను తీసుకెళ్తే, "ఇవాళ వద్దులే, చుక్కలు వేసుకున్నాను" అంది. నేను సరే అన్నాను. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. నాలుగో రోజు నానమ్మ చెంబుల కొద్దీ నీళ్లు తాగింది. సాయంత్రానికి పిలిస్తే సరిగా పలకలేదు. నాన్న వచ్చి వేలు గుచ్చి చూస్తే మీటరు మీద 486. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. రెండు రోజులు ఉంచి పంపించారు. "ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే ఏమయ్యేదో చెప్పలేను" అన్నారు డాక్టరుగారు.

నాన్న ఆ సీసా అమ్మినాయన మీద కేకలేశారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. కానీ నాకు తెలుసు. ఆ నాలుగు రోజులూ నేను ఎందుకు అడగలేదు? సూది వెయ్యక్కర్లేదంటే నాకూ హాయిగానే ఉంది కాబట్టి. నానమ్మకి ఏది సుఖమో అది నిజమైపోవాలని నానమ్మ అనుకుంది. నాకు ఏది సుఖమో అది నిజమైపోవాలని నేనూ అనుకున్నాను. అమ్మినాయనకి మా ఇద్దరి ఆశా పెట్టుబడి అయింది.

సెలవులయ్యాక మా సైన్సు మాస్టారి దగ్గరికెళ్లి నానమ్మ ప్రశ్నే అడిగాను. ఆయన ఎదురు ప్రశ్న వేశారు. "నిన్న పప్పన్నం తిన్నావు కదా. కందిపప్పులో ప్రొటీను ఉంది. అది కందిపప్పు ప్రొటీనుగానే నీ రక్తంలోకి వెళ్లిపోతే ఏమవుతుంది?"

నాకు తెలీలేదు. ఆయనే చెప్పారు. మన ఒంట్లోకి పరాయి ప్రొటీను ముక్కలు చేయకుండా వస్తే, ఒళ్లు దాన్ని శత్రువు అనుకుని తిరగబడవచ్చు. అందుకే కడుపు, పేగులు కాపలా కాస్తాయి. ప్రొటీను అంటే అమైనో ఆమ్లాలనే పూసలు గుచ్చిన దండ. చిన్న దండని పెప్టైడు అంటాం. కడుపులో ఆమ్లం దండ ముడతలు విప్పేస్తుంది. పెప్సిన్ అనే ఎంజైము దాన్ని తెంపడం మొదలుపెడుతుంది. చిన్నపేగులో ట్రిప్సిన్ లాంటివి మిగతా పని పూర్తి చేస్తాయి. చివరికి విడి పూసలు, రెండు మూడు పూసల ముక్కలు మాత్రం పేగు గోడ దాటి లోపలికి వెళతాయి.

ఇన్సులిన్ కూడా అలాంటి దండే. రెండు పేటలు, ఒకదాంట్లో 21 పూసలు, ఇంకోదాంట్లో 30, మొత్తం 51. ఆ వరుస కనిపెట్టినందుకే ఫ్రెడరిక్ సాంగర్‌కి 1958లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వరుస చెడితే అది ఇన్సులిన్ కాదు, ఉత్త పూసలు. "కడుపుకి ఇది పప్పు, ఇది మందు అన్న తేడా తెలీదమ్మా. నువ్వు ఎంత ఖరీదు పెట్టి కొన్నావో అంతకంటే తెలీదు" అన్నారు మాస్టారు. నాలుక కింద వేసుకున్నా అంత పెద్ద దండ అక్కడి పొరని దాటి చాలినంత లోపలికి పోదని, చుక్కల్లో చాలాభాగం లాలాజలంతో పాటు మింగేస్తామని కూడా చెప్పారు.

అంటే నానమ్మ ఆ నాలుగు రోజులూ తీసుకున్నది మందు కాదన్నమాట. ఆ సీసాలో నిజంగా ఇన్సులినే ఉన్నా ఫలితం అంతే.

మా పెద్దనాన్నగారి అబ్బాయి జిమ్ముకి వెళతాడు. ఈ సంగతి చెబితే, "మరి మా జిమ్ములో బీపీసీ-157 అని గొట్టం మాత్రలు అమ్ముతున్నారు, అదీ పెప్టైడే కదా" అన్నాడు. అది 15 అమైనో ఆమ్లాల దండ. దాని మీద జరిగిన పరీక్షలు ఎక్కువగా ఎలుకల్లాంటి జంతువుల మీదే. మనుషులకి మందుగా అమెరికా ఔషధ సంస్థ అనుమతి లేదు. ఆటగాళ్లు వాడకూడదని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2022 నుంచి నిషేధించింది. సీసా మీద పేరు అచ్చువెయ్యడం తేలిక. ఆ పేరు గల పదార్థం రక్తంలోకి చేరిందని చూపించడం కష్టం. ఆ కష్టమైన పని చెయ్యకుండా డబ్బు తీసుకునేవాడు మన ఆశనే మనకి అమ్ముతున్నాడు.

అయితే పెప్టైడు మందు నోటితో ఎప్పటికీ పనిచెయ్యదా? చేస్తుంది. కానీ ఊరికే కాదు.

కెనడాలోని టొరంటోలో 1922 జనవరి 11న లెనర్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ సూది వేశారు. ఆ మందు శుభ్రంగా లేక అంతగా పనిచెయ్యలేదు. మందుని ఇంకా శుద్ధి చేసి జనవరి 23న మళ్లీ వేస్తే కుర్రాడు కోలుకున్నాడు. దీన్ని సూది లేకుండా ఇవ్వగలమా అన్న వెతుకులాట ఆ కాలం నుంచే ఉంది. నూరేళ్లు దాటినా నానమ్మ ఇన్సులిన్‌కి ఇంకా సూదే దిక్కు. 2006లో పీల్చే ఇన్సులిన్ ఒకటి బజారులోకి వచ్చి, కొనేవాళ్లు లేక మరుసటి ఏడాదే వెనక్కి వెళ్లిపోయింది.

వేరే పెప్టైడులకి మాత్రం కొన్ని దారులు దొరికాయి. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు మింగే సైక్లోస్పోరిన్ 11 అమైనో ఆమ్లాల పెప్టైడు. ఒక బూజు నుంచి దొరికింది. అది రెండు కొసలూ కలిసిన ఉంగరంలా ఉంటుంది కాబట్టి ఎంజైములకి పట్టు దొరకదు. సెమాగ్లూటైడ్ అనే ఇంకో షుగరు మందు ముందు వారానికోసారి వేసుకునే సూదిగా వచ్చింది. 2019లో దాని మాత్రకి అమెరికాలో అనుమతి దొరికింది. ఆ మాత్రలో మందుతో పాటు సాల్కాప్రొజేట్ సోడియం అనే తోడు పదార్థం 300 మిల్లీగ్రాములు ఉంటుంది. మాత్ర కరిగేచోట అది ఆమ్లాన్ని కాసేపు తగ్గించి, పెప్సిన్ నుంచి మందుని కాపాడి, కడుపు గోడ దాటిస్తుంది. దానికీ నియమాలున్నాయి. పరగడుపున, అర గ్లాసుకి మించని నీళ్లతో మింగాలి. తర్వాత అరగంట దాకా ఏమీ తినకూడదు, తాగకూడదు. (ఇది ఇన్సులిన్‌కి బదులు మందు కాదు. ఇన్సులిన్ తప్పనిసరి అయినవాళ్లు దీన్ని చూసి ఇన్సులిన్ మానకూడదు.)

ఇక్కడిదాకా తెలుసుకున్నాక నాకు చాలా సంతోషం వేసింది. కానీ మాస్టారు ఒక లెక్క వెయ్యమన్నారు. ఆ లెక్క దగ్గరే నా అసలు ప్రశ్న మొదలైంది.

సెమాగ్లూటైడ్ సూదిగా అయితే వారానికి 1 మిల్లీగ్రాము ఒక మామూలు మోతాదు. మాత్రగా అయితే ఒక మోతాదు రోజుకి 14 మిల్లీగ్రాములు. ఏడు రోజులకి 98. అంటే ఒక మనిషికి సూది తప్పించడానికి దాదాపు నూరు రెట్ల మందు కావాలి. మింగినదాంట్లో నూటికి ఒక వంతు కూడా సరిగా రక్తంలోకి చేరదు. మిగతాదంతా కడుపు పాలే.

ఇన్సులిన్‌తోనూ ఇలాంటిదే జరిగింది. రోజుకొక్క మాత్రగా ఇచ్చే ఇన్సులిన్ మీద ఒక పరీక్ష ఫలితం 2019లో అచ్చయింది. షుగరు అదుపులో సూదితో సమానంగా పనిచేసింది. అయినా తయారుచేసేవాళ్లు ఆ పని ఆపేశారు. సూదికి కావలసిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఇన్సులిన్ కావలసి వచ్చింది, అంత ఖర్చు గిట్టదు.

నానమ్మ ఆశ నిజమయ్యే దారి ఒకటి దొరికింది, దాన్ని మూసేశారు అని మొదట కోపం వచ్చింది. తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. ఇన్సులిన్ కొనలేక, దొరకక ఇబ్బంది పడేవాళ్లు ప్రపంచంలో ఇంకా చాలామంది ఉన్నారు. దాన్ని కనిపెట్టినవాళ్లు పేటెంటుని టొరంటో విశ్వవిద్యాలయానికి మనిషికొక్క డాలరుకి ఇచ్చేశారు, అందరికీ అందాలని. అలాంటి మందుని ఒకరి సూది తప్పించడానికి ఎన్నో రెట్లు వాడెయ్యడం న్యాయమేనా?

ఈ ప్రశ్న ఇంట్లో అడిగాను. నాన్న అన్నారు, "కడుపు నిండనివాడు పక్కన ఉండగా మనం విస్తరి నిండా వడ్డించుకుని పారేసినట్టు ఉంటుంది." నానమ్మకి కోపం వచ్చింది. "ఒడ్డున కూర్చుని లోతు చెప్పకురా. రోజుకి రెండుసార్లు, ఏడాదికి ఏడొందల పైన పోట్లు. నువ్వు ఒక్క నెల పడి చూడు" అంది.

ఇద్దరిదీ నిజమే అనిపించింది. నానమ్మ నొప్పిని చిన్నది అనే హక్కు నొప్పి లేనివాళ్లకి లేదు. పూర్వం గాజు సిరంజీలు ఉడకబెట్టి, అరిగిన సూదులు సానబెట్టి వాడేవారట. ఇప్పుడు 4 మిల్లీమీటర్ల సన్నని సూదులు వచ్చాయి. ఆ రోజుల్లో "ప్రాణం నిలిచింది కదా, ఇంకేం కావాలి" అని అందరూ ఊరుకుని ఉంటే ఈ సన్నసూది కూడా వచ్చేది కాదు. కాబట్టి నొప్పి తగ్గించాలనుకోవడం విలాసం కాదు.

మరి నాన్న మాట? దానికి సమాధానం నాకు మన పక్క రాష్ట్రం కథలో దొరికింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన జనం పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరాల్లో కలరాతో చనిపోతున్నారు. వాళ్లకి నరంలోకి సెలైను ఎక్కించాలి. సీసాలు అయిపోయాయి, సూది వెయ్యడం వచ్చినవాళ్లూ చాలరు. అప్పుడు దిలీప్ మహాలనబిస్ అనే డాక్టరు ఉప్పు, వంటసోడా, గ్లూకోజు నీళ్లలో కలిపించి డ్రమ్ముల్లో నింపించారు. రోగుల వెంట ఉన్న చుట్టాలే గ్లాసులతో ముంచి తాగించారు. 30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకి తగ్గాయి. చక్కెర లోపలికి వెళ్లేటప్పుడు ఉప్పుని కూడా వెంట తీసుకెళుతుంది, ఆ వెనకే నీళ్లు వెళతాయి. పేగుకి ఉన్న ఈ తలుపుని వాడుకోవడమే అందులో కిటుకు. ఇవాళ మనం విరేచనాలైతే తాగే ఓఆర్ఎస్ పొట్లంలోనూ ఇదే కిటుకు.

అక్కడ కూడా సూది పోయి నోరు వచ్చింది. కానీ సూది పోవడం వల్ల మందు చవకైంది, తల్లి చేతిలోకి వచ్చింది, లక్షలమందికి అందింది. పెప్టైడు మాత్ర దగ్గర ఇప్పటికైతే నోటిదారి ఎక్కువ సరుకు తింటోంది. కాబట్టి "సూదా, నోరా" అని అడిగితే సరిపోదు. "ఈ దారిలో వెళితే మందు ఎక్కువమందికి చేరుతుందా, తక్కువమందికా" అని అడగాలి. పరిశోధన చెయ్యనే కూడదు అని దీని అర్థం కాదు. నూరు రెట్లని పది రెట్లకి, పదిని రెండుకి తగ్గించే దారి ఎవరో ఒకరు వెతకాలి. మా సైన్సు బెంచీల్లోంచే ఎవరైనా వెళ్లి వెతకొచ్చు. అలా తగ్గించిన రోజున నాన్నా నానమ్మా ఇద్దరూ గెలుస్తారు.

ఇంకొకటి కూడా గమనించాను. సూది అంటే ఉన్న బాధంతా నొప్పి కాదు. మా ఎదురింటి బాబుకి తొమ్మిదేళ్లు. వాడికి పుట్టుకతో కాకపోయినా చిన్నప్పుడే టైప్-1 షుగరు వచ్చింది. ఇన్సులిన్ లేకపోతే వాడు బతకలేడు. పెళ్లిళ్లకి వెళితే వాడూ వాళ్లమ్మా ఎక్కడో తలుపు చాటుకి, స్నానాల గదిలోకి వెళ్లి సూది వేసుకుని వస్తారు. ఎవరైనా చూస్తే "అయ్యో, ఇంత పసివాడికా" అంటారు, "తీపి ఎక్కువ తినిపించారేమో" అంటారు. తీపి తినడం వల్ల ఆ జబ్బు రాదని వాళ్లకి తెలీదు. ఆ బాబు దాక్కునేది సూదికి భయపడి కాదు, మన చూపులకీ మన మాటలకీ భయపడి. దీనికి కొత్త మాత్ర ఎందుకు? మనం ఊరుకుంటే చాలు.

మొన్న మాఘమాసంలో మా వీధిలో పెళ్లి జరిగింది. పంక్తిలో విస్తళ్లు వేశారు. ఆ బాబు వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని లోపలి గదికి వెళ్లబోతుంటే మా నానమ్మ పిలిచింది. "ఒరేయ్, ఎక్కడికిరా? ఇలా రా, నాదీ అయిపోలేదు. ఇద్దరం ఒకేసారి వేసుకుందాం" అని పంక్తిలోనే పెన్ను బయటికి తీసింది. వాడు కాసేపు అటూ ఇటూ చూశాడు. తర్వాత వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ వేసుకున్నారు. ఎవరో ఏదో అనబోతే నానమ్మ, "ముందు పప్పు వడ్డించు నాయనా" అంది. అంతే, ఎవరూ ఏమీ అనలేదు.

ఇంతా చదివాక నాకు తోచింది ఇది. సూది తప్పించాలనే కోరికలో నొప్పి ఉంది, సిగ్గు ఉంది, ఆశ ఉంది. నొప్పి తగ్గించడం సైన్సు పని, దాన్ని ఓపికగా చెయ్యనివ్వాలి, అది అందరికీ అందేలా ఉండాలని మనం అడగాలి. సిగ్గు పోగొట్టడం మన పని, దానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఆశని కాపాడుకోవడం కూడా మన పనే. ఆశ తప్పు కాదు. కానీ ఆశపడినప్పుడే మనిషి ప్రశ్న అడగడం మానేస్తాడు. నేను మానేశాను.

నానమ్మ ఇప్పటికీ రాత్రి సూది వేసేటప్పుడు ఆ మాటే అంటుంది, "ఈ మందొక్కటీ నోట్లోంచి ఎందుకు పోదు?" అని. ఇప్పుడు నవ్వి ఊరుకోను. "పోయే రోజు వస్తుంది నానమ్మా, వస్తే డాక్టరుగారే చెబుతారు. అందాకా ఇది మానొద్దు" అంటాను.

మీ ఇంట్లో కూడా ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఉండొచ్చు. ఎవరైనా సీసా పట్టుకుని వస్తే ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఇది కడుపు దాటి రక్తంలోకి ఎలా వెళుతుంది? వెళ్లిందని ఎవరు పరీక్షించి చూశారు? జవాబు ఏం చెప్పినా డాక్టరుగారిని అడగకుండా సూది మాత్రం ఆపొద్దు. పోయిన దసరాకి మా వరండాలో నేను అడగవలసిన ప్రశ్నలు ఇవే.